తోతాపురి కొలత

చెయ్యి ఎత్తొద్దు అంటాది పాప.
ఊరికే ఎత్తినట్టు అనుకో అవ్వా, అంతే చాలు.

ఖాళీ టేబులు. దాని మీద నా కుడిచెయ్యి,
ఎవురో మర్చిపోయిన తుండుగుడ్డ మాదిరి.
తిరపతి ఆస్పత్రి, మూడో అంతస్తు,
కిటికీలో కొండ సగం, నీళ్ల ట్యాంకు సగం.

నవ్వొచ్చింది. మూతి ఒకపక్కే నవ్వింది.
దామలచెరువు మండీలో ముప్పై కాయకాలాలు చేసినా.
చెయ్యి ముందు పోతాది, నేను దాని ఎనకాల పోతా.
దాన్ని గురించి అనుకునే తీరిక యాడిది?

గ్లాసును తలుచుకో అంటాది పాప.
పేరు నస్రీన్. మదనపల్లె పిల్ల, మాట మెత్తన.
కండ్లు మూస్తే గ్లాసు రాదు.
వరిగడ్డి వాసనొస్తాది.
లారీ ఎనక్కొచ్చే కూత వస్తాది.
సొన పడి ఉడికిన మణికట్టు చురుక్కుమంటాది.
ఆ ఎనకాల, కుప్పలో నించి జారి,
ముక్కు వంకర తిప్పుకోని వస్తాది తోతాపురి.

ఒక మాట చెప్తా పాపా, ఈ మంచం మీద కనుక్కున్నది.
కాయను తాకినాక కాదు చెయ్యి తెరుచుకునేది.
జానెడు దూరం ఉండంగానే
బొటనేలు ఒక దిక్కు, నాలుగేళ్లు ఒక దిక్కు పోయి
నడమ సందులో అబ్బుడే ఒక కాయ ఉంటాది,
బరువు లేనిది, సొన కారనిది.
నిజం కాయ వచ్చి దాంట్లో కూచుంటాది.

దినానికి నూరు కాయలు ఏరినాను, కదలకుండా.
ఒకటో రకం. రెండో రకం. జ్యూసు ఫ్యాక్టరీకి.
కూలి ఎవురిస్తారమ్మా అంటే
పాప కాయితంలో ఏదో రాసుకునింది.

రాత్రి లైట్లు తగ్గించినాక
పక్క మంచం వరదమ్మ దారం లేకుండా పూలు కడతాది.
ఆ మూల టీచరమ్మ
చాక్‌పీసు లేకుండా గోడకు ఏదో రాస్తాది.
కొత్తగా వచ్చిన చిన్నపిల్ల,
పాతికేండ్లు కూడా నిండలేదు,
దేన్ని పట్టుకుంటాదో అడిగితే చెప్పదు.
వార్డంతా పనిలో ఉంటాది.
ఒక్క చెయ్యీ లెయ్యదు.

ఇరవైమూడో నాడు నిజం గ్లాసు పెట్టినారు.
స్టీలుది. సగం కాఫీ.
చెయ్యి లేచింది, కుంటి మేక మాదిరి.
గ్లాసు కాడికి పోతా పోతా వేళ్లు తెరుచుకున్నాయి,
తెరుచుకున్నాయి,
ఇంకా తెరుచుకున్నాయి.
గ్లాసుకు అంత నోరెందుకవ్వా?
అది ఇంకా మండీలోనే ఉండాది తల్లీ.
కాఫీ నా చీర మీద. పాప చప్పట్లు కొడతా ఉండాది.

రేపట్నించి సన్నటివి తలుచుకో అనింది.
ముక్కుపుడక మర. చింతగింజ.
సూదిలోకి పోనని మొండికేసే దారం కొస.
తలుచుకున్నా. వేళ్లు ఒకదాని దగ్గరికి ఒకటి వచ్చినాయి,
కొట్లాడుకున్న తోడికోడళ్లు పొయ్యి కాడికి వచ్చినట్టు.
చింతగింజ నించి గ్లాసు దాకా
కొంచెం కొంచెం పెంచుకుంటా పోయినా.
ఒకనాడు కాఫీ నోటికందింది. చల్లారిపోయింది. తాగినా.

ఆదివారం మండీ నించి పాపులమ్మ వచ్చింది,
తువ్వాలలో ఒకే ఒక్క కాయ.
ఈ యేడు వాన లేదు, పిందెలు రాలినాక మిగిలింది ఇంతే.
టేబులు మీద పెట్టింది.

ఎవురూ తలుచుకోమనలేదు.
చెయ్యి పోయింది, పోయినేటి కొలతకు తెరుచుకోని.
కాయకూ వేళ్లకూ నడమ
సన్నటి గాలి మిగిలింది.
ఆ గాలి మీదకు ఒకొక వేలే దిగింది,
ఉంగరమేలు అన్నిటికంటే ఆఖర్న.
బొటనేలు తనంతట తానే ముచ్చిక కాడ నొక్కి చూసింది.

ఎట్లుండాదక్కా, అనింది పాపులమ్మ, కండ్లు తుడుచుకుంటా.

జ్యూసుకు పంపు, అన్నా.